సమస్యాపూరణం: తల్లిఁ బోలదయ్యెఁ దల్లి నకలు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం:

తల్లిఁ బోలదయ్యెఁ దల్లి నకలు

జన్యువులు ఒకటే అయినా రూపం ఎందుకు మారుతుందో, ఆ కారణం పద్యంలోనే కనబడాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి (పాదం మొదటి అక్షరంతో కుదిరే అక్షరం) నాలుగో గణం మొదట. ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. సమస్యలో "నకలు" (క్లోన్, అంటే తల్లి జన్యువులే ఉన్న ప్రతి) ఉందని మరవకండి, మామూలు సంతానం మీద రాస్తే పూరణ నిలవదు.

చందమామపిల్లి:

మూడు రంగులున్న ముద్దుపిల్లికిఁ దీయఁ
బ్రతినిఁ గూన మేనఁ బసుపు లేదు;
జంట యెక్సులందు జడమయ్యె నొక్కటి
తల్లిఁ బోలదయ్యెఁ దల్లి నకలు

నిర్వాహకుడు: హాయిగా నడిచింది. "జడమయ్యె నొక్కటి" ఈ పద్యానికి ప్రాణం. "పసుపు" మాత్రం సడలింపు, అది నారింజ రంగు.

సూక్ష్మదర్శిని: ఇది 2001 డిసెంబరు 22న టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పుట్టిన సీసీ అనే నకలు పిల్లి కథే కదా! 87 పిండాలను 8 పిల్లుల గర్భాల్లో పెడితే బతికి పుట్టింది ఆ ఒక్కటే. కణం ఇచ్చిన తల్లిపిల్లి రెయిన్‌బో ఒంటిమీద నలుపు, నారింజ, తెలుపు ఉండేవి. సీసీకి నారింజ రాలేదు. ఆడపిల్లికి రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. పిండం చిన్నగా ఉన్నప్పుడే ఒక్కో కణం ఏదో ఒక ఎక్స్‌ను మూసేస్తుంది, దాని సంతతి కణాలన్నీ ఆ మూతనే కొనసాగిస్తాయి. అందుకే ఒంటిమీద రంగులు మచ్చలు మచ్చలుగా పడతాయి. సీసీకి మూలమైన కణంలో నారింజ జన్యువున్న ఎక్స్ మూతపడి ఉంది, నకలు తీసినప్పుడు ఆ మూత చెరగలేదు. తెల్ల మచ్చల సంగతి వేరు. రంగు కణాలు పిండంలో వెన్ను నుంచి పొట్ట వైపు పాకుతాయి, అవి చేరని చోటే తెలుపు. ఆ పాకడం ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు జరగదు.

సూక్ష్మదర్శిని: నా పూరణ, ఇందులో గ్రంథమంటే జన్యువుల మొత్తం, పుట అంటే ఒక్కో కణం వాడుకునే భాగం:

గ్రంథ మొకటె గాని కణమొక్క పుటఁ దీయ
నరము పొడవు సాఁగె నార వోలె
కేంద్రకమును వీడెఁ గెంపురంగు కణమ్ము
తల్లిఁ బోలదయ్యెఁ దల్లి నకలు

నిర్వాహకుడు: "వోలెన్" ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట. పాదం మారినా సంధి ఆగదు కాబట్టి "వోలెఁ గేంద్రకమును" అనాలి. గే-గెం యతికీ ఢోకా లేదు. అంతకన్నా పెద్ద లోపం, ఇందులో తల్లి ఎవరో తెలియడం లేదు. మొదటి పాదాన్ని "గ్రంథ మొకటె మూలకణమున కైనను" అంటే తల్లి దొరుకుతుంది. కాకపోతే పుట తీసే అందమైన పోలిక పోతుంది, అదే బాధ.

పొలంగట్టు: మూడో పాదం క్షీరదాలకే చెల్లుతుంది. కోడి, కప్ప, చేపల ఎర్ర కణాల్లో కేంద్రకం ఉంటుంది.

సూక్ష్మదర్శిని: రెండు సవరణలూ స్వీకరించాను. మన వెన్నుపాము నుంచి కాలివేళ్ల దాకా పోయే నరకణం తీగ మీటరు దాటుతుంది, ఎర్ర కణం అడ్డుకొలత 7–8 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). రెండింటికీ మూలం ఒకే ఫలదీకరణ కణం, అందుకే ఈ జంటను ఎంచుకున్నాను.

మంచుకుందేలు:

చల్లదనము తగిలి నల్లనాయెఁ జెవులు
పొట్ట వెచ్చ నుండెఁ బొసఁగెఁ దెలుపు
కడుపు వేడి వీడి కన్ను దెఱచు కూన
తల్లిఁ బోలదయ్యెఁ దల్లి నకలు

చందమామపిల్లి: మొదటి పాదంలో చ-న యతి కుదరలేదేమో?

నిర్వాహకుడు: చల్ల-నల్ల ప్రాసయతి, చక్కగా కుదిరింది. విషయం కూడా నిజం: సయామీ పిల్లిలో రంగు తయారుచేసే ఎంజైము ఒంటి వేడిలో పనిచేయదు, చల్లగా ఉండే చెవులు, తోక, పాదాల్లోనే పనిచేస్తుంది. గర్భమంతా వెచ్చన, అందుకే కూన తెల్లగా పుడుతుంది. ఇదే గుణమున్న హిమాలయన్ కుందేలు వీపున బొచ్చు తీసి మంచుగడ్డ కట్టి ఉంచితే అక్కడ నల్లబొచ్చే మొలుస్తుంది. అయితే ఈ కూన తల్లీతండ్రుల సంతానం, నకలు కాదు. పద్యం బాగుంది గాని సమస్య తీరలేదు.

పొలంగట్టు:

పేనుబంక జాతి పెరిగి కిక్కిరియఁగఁ
బ్రత్తి చిగురు మీఁదఁ బతియె లేక
కన్న కూఁతు మేనఁ గనిపించె రెక్కలు
తల్లిఁ బోలదయ్యెఁ దల్లి నకలు

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే మేలు పూరణ. పేనుబంక అంటే మొక్కల రసం పీల్చే చిన్న పురుగు. "పతియె లేక", అంటే మగపురుగు లేకుండానే, అన్న ఒక్క మాటతో నకలు నిజమైంది, "కిక్కిరియఁగ" కారణమైంది.

సూక్ష్మదర్శిని: "కన్న కూఁతు" అనగానే పుట్టుకతోనే రెక్కలన్న భావం వస్తోంది. పిల్లపురుగు నాలుగుసార్లు కుబుసం విడిచాకే పూర్తి రెక్కలు కనబడతాయి.

పొలంగట్టు: నిజమే, "కనిపించె" అన్నది ఆ తర్వాతి దశనే. రద్దీలో పురుగులు ఒకదానికొకటి పదేపదే తగులుతుంటే రెక్కల దారి తెరుచుకుంటుంది, ఆకు రసం తగ్గినా అంతే. ఎగిరిపోయి కొత్త మొక్క మీద వాలిన రెక్కల పురుగు ఎక్కువగా రెక్కల్లేని కూతుళ్లనే కంటుంది. చేలో పురుగులను పట్టే పసుపు జిగురు అట్టలకు చిక్కేవి రెక్కలవే. అట్ట ఖాళీగా ఉందని నమ్మకుండా ఆకు తిప్పి అడుగున చూడాలి.