అప్‌డేట్: మెరాపి పక్క పల్లెలో ఉండి వచ్చాను

జావాలో మెరాపి అగ్నిపర్వతం పక్క పల్లెలో కొన్నాళ్లు ఉండొచ్చా, అక్కడివాళ్లు ఊరొదిలి ఎందుకు వెళ్లరు అని ఇంతకుముందు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. వెళ్లొచ్చాను.

ఉన్నది సెలో వైపు, మెరాపి, మెర్బాబు కొండల మధ్యలో. హెచ్చరికకు నాలుగు స్థాయిలుంటే 2020 నవంబర్‌లో మూడోదానికి పెంచారు. శిఖరం ఎక్కనివ్వడం లేదు. మొదటి రాత్రి టెన్షన్‌గానే గడిచింది.

రెండో ప్రశ్నకు జవాబు ఆవుల కొట్టంలో దొరికింది. సెలో ఉన్న బోయొలాలి జిల్లా పాలకు పేరు. పొద్దున్నే ఆడా మగా కొడవళ్లు పట్టుకుని గడ్డికి వెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు మోపు కింద మనిషి కనపడరు. ఆవే వాళ్ల బ్యాంకు. 2010లో కొండ పేలి 350 మందికి పైగా చనిపోయారు. అప్పుడు కూడా శిబిరాల నుంచి మేత వేయడానికి మళ్లీ పైకి వెళ్లినవాళ్లున్నారు. ఇది మొండితనం అని నేను అనలేను. 2020లో మెరాపి పక్కనే ఉన్న గ్లగహార్జో అనే ఊళ్లో మనుషులతో పాటు పశువులనూ తరలించి, వాటికి కొట్టాలు ఏర్పాటు చేశారు. సరైన పని అదే.

బూడిద నేల కాబట్టి క్యాబేజీ, క్యారెట్, పొగాకు బాగా పండుతాయి.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: వానాకాలంలో, అంటే సుమారు నవంబర్ నుంచి మార్చి దాకా, వాగుల్లోకి దిగకండి. పైన వాన పడితే బూడిద, బండరాళ్లు కలిసిన బురద వరద వచ్చిపడుతుంది. కింద ఎండగా ఉన్నా సరే.