బొమ్మల థియేటర్ సీను అట్టకి అంటిస్తే వంగిపోతోంది

1926 డిసెంబర్ 3న లండన్ లైసియం థియేటర్‌లో రష్యన్ నిర్మాత డయాగిలెవ్ నృత్య బృందం మొదటిసారి ఆడిన 'ద ట్రయంఫ్ ఆఫ్ నెప్ట్యూన్' బ్యాలేకి సీన్లు లండన్‌లోని పొలాక్, వెబ్ దుకాణాలు అమ్మిన కాగితపు బొమ్మల థియేటర్ల (కత్తిరించి అట్టకి అంటించి నిలబెట్టే చిన్న స్టేజీల) నుంచి తీసుకున్నవే. (ఆ బొమ్మలు అచ్చేసిన షీట్లు అప్పట్లో రంగుల్లేకుండా ఒక పెన్నీ, రంగులతో రెండు!) ఆ బ్యాలే స్టేజినే చిన్నగా ఇంట్లో చేస్తున్నాను.

ఏ4 ప్రింటుని 2 మి.మీ. అట్టకి అంటిస్తే పొద్దున్నకల్లా అప్పడంలా వంకర తిరుగుతోంది. మైదా గంజి వాడాను. తెల్ల జిగురు నీళ్లు కలిపీ, కలపకుండానూ వాడాను. 12 గంటలు పుస్తకాల బరువు కూడా పెట్టాను. గ్లూ స్టిక్‌తో వంగలేదు గానీ అంచులు లేచిపోయి, కత్తిరిస్తుంటే సముద్రపు అలలన్నీ చిరిగాయి.

అట్ట వెనక కూడా కాగితం అంటిస్తే వంగడం ఆగుతుందా?