పాత నికాన్ లెన్సుతో డీ7500లో వెలుతురు కొలవడం ఎలా?

అమలాపురంలో స్టూడియో నడిపిన మా మేనమామ తన నికాన్ ఏఐ-ఎస్ (చేత్తో ఫోకస్ చేసే పాత రకం) 50 ఎంఎం లెన్సును నాకిచ్చారు. వెలుతురును పెంచి తగ్గించే అపెర్చర్ రింగు ఇప్పటికీ హాయిగా తిరుగుతుంది. నా కెమెరా నికాన్ డీ7500. రింగు ఎక్కడుందో గుర్తించే మీట ఇందులో లేదు, లెన్సులో కెమెరాకు వివరాలు చెప్పే చిప్పూ లేదు. అందుకే అన్నీ చేత్తో సెట్ చేసుకునే ఎం (మాన్యువల్) మోడ్‌లోనే ఫొటో తీయగలను, అప్పుడూ లైట్ మీటరు పనిచేయదు.

ఇంటి దగ్గరైతే హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూసి షట్టర్ వేగం మార్చుకుంటాను. కోరంగి మడ అడవుల్లో ఆ తీరిక ఎక్కడిది? పడవ చెట్ల నీడలోంచి ఒక్కసారిగా ఎండలోకి వస్తుంది, కొంగ ఎగిరిపోతుంది.

ఫోనులోని లైట్ మీటర్ యాప్‌ను నమ్మవచ్చా? లేక విడిగా మీటరు కొనాలా? పాత లెన్సులను తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో నికాన్ జెడ్ (మిర్రర్‌లెస్) కెమెరాపై ఇలాంటి లెన్సులు వాడేవారు ఉంటే, నీటి మీద ఎండ మెరుస్తున్నప్పుడు ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచులను రంగుతో చూపే సదుపాయం) స్పష్టంగా కనిపిస్తుందో లేదో దయచేసి చెప్పండి. లెన్సును మాత్రం మార్చను.