కణుపు లావెక్కిన వేలికి తెరుచుకునే షాంక్: కోత ఎక్కడ పెట్టాలి?

పనిబల్ల (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఒక పెద్దావిడ ఉంగరం తెచ్చారు. కీళ్ల అరుగుదల వల్ల ఆవిడ ఉంగరపు వేలి నడిమి కణుపు బాగా లావైపోయింది. వేలి మొదట్లో 17 మి.మీ. లోపలి వ్యాసం చక్కగా సరిపోతోంది, కణుపు దాటాలంటే మాత్రం 19.5 కావాలి. అంటే అమెరికన్ సైజుల్లో దాదాపు మూడు సైజుల తేడా. కణుపును బట్టి సైజు పెంచితే దాటిన మరుక్షణమే పైన రాయి బరువుకి ఉంగరం గిర్రున తిరిగి రాయి అరచేతి వైపు వచ్చేస్తుంది, ఎవరికి చూపించడానికి ఆ ఉంగరం!

18 క్యారెట్ల ఉంగరం, మధ్యలో పచ్చ, రెండు భుజాల మీద మూడేసి చిన్న వజ్రాలు. వేలిని చుట్టే కింది భాగం (షాంక్) అరిగి 1.4 మి.మీ. మందానికి వచ్చింది. పై భాగాన్ని ముట్టుకోవద్దని ఆవిడ గట్టిగా చెప్పారు. గడియారం ముఖంలా చూస్తే 4 దగ్గరా 8 దగ్గరా కోసి, ఒక పక్క కీలు, ఇంకో పక్క లాక్ పెడదామనుకుంటున్నాను. లేదంటే ఉంగరం తిరగకుండా లోపల రెండు పూసలు అతికించి సరిపెట్టేయొచ్చా? కంకణాలకు సీల పని చేసిన అలవాటుంది గానీ ఇంత చిన్న కొలతలో ఎప్పుడూ చేయలేదు. పచ్చ ఉంది కాబట్టి వేడి గురించి కూడా టెన్షన్‌గానే ఉంది.

టంకంపొగ:

పూసల సంగతి ముందు తేల్చేద్దాం. తేడా ఒక సైజు, మహా అయితే ఒకటిన్నర ఉన్నప్పుడే అవి పనికొస్తాయి. లోపల పెట్టే గుర్రపునాడా స్ప్రింగు కథా అంతే. మూడు సైజుల తేడాకి అవి పెడితే కణుపు దగ్గర నొప్పి, కింద వదులు, రెండూ మిగులుతాయి. కీలు షాంకే దారి.

అయితే 4, 8 దగ్గర కోస్తానన్నారు చూడండి, అక్కడే ఆగండి. ఈ రకం ఉంగరం కణుపు మీదుగా ఎక్కదు. తెరిచి, కణుపు దాటాక ఉండే మెత్తటి భాగం మీద పైనుంచి కూర్చోబెట్టి, కింద మూస్తారు. కాబట్టి మీరు చూసుకోవాల్సింది 19.5 కాదు, తెరిచినప్పుడు నోరు ఎంత వెడల్పు ఉంటుందనేది. 4, 8 దగ్గర కోస్తే 17 మి.మీ. ఉంగరానికి నోరు 14.7 మాత్రమే వస్తుంది (వ్యాసాన్ని 0.866తో గుణించండి). అందులోంచి వేలు దూరాలంటే ఆవిడ ప్రతిసారీ పళ్లు బిగించి నొక్కుకోవాలి. సరిగ్గా 3, 9 దగ్గర కోస్తే నోరు పూర్తి 17. మీ వజ్రాలు అడ్డొస్తాయి కాబట్టి మూడున్నర, ఎనిమిదిన్నర దగ్గర పెట్టండి, నోరు 16.4 వస్తుంది. ఆ మాత్రం తేడాకి కండ సర్దుకుంటుంది. చివరి వజ్రం తర్వాత కనీసం 1.5 మి.మీ. గట్టి లోహం మిగలాలి, లేకపోతే తెరిచి మూసే కుదుపులకి రాయి కదిలిపోతుంది.

ఫింగర్‌మేట్, సూపర్‌ఫిట్ లాంటి రెడీమేడ్ షాంకులు కూడా దొరుకుతాయి. వాటిలో కొన్ని సాగి కణుపు మీదుగా దాటే రకం. అవి వాడితే మాత్రం 19.5 కొలత కావాలి. రెండు పద్ధతులనీ కలిపి ఆలోచిస్తేనే కొలతలు తారుమారవుతాయి.

అరిగిన కింది భాగాన్ని ఉంచుకునే ప్రయత్నం చేయకండి. 1.4 మందంలో కీలు గొట్టం ఎక్కడ కూర్చుంటుంది? కింది సగం కొత్తగా 2 మి.మీ. మందంతో చేసి, తీసేసిన ముక్కని తూచి ఆవిడకే ఇచ్చేయండి. లోపల హాల్‌మార్కో పేరో చెక్కి ఉంటే కోయకముందే చూపించి ఒప్పించుకోండి. కీలుకి మూడు గొట్టాలు: బయటి రెండూ పై భాగానికి, మధ్యది కింది భాగానికి. మూడూ ఒకే గొట్టంలోంచి కోసి, లోపల ఒకే తీగ దూర్చి వరసలో నిలబెట్టి, ముందు చిన్న చిన్న చుక్కలుగా టంకం వేసి, తీగ తీశాక పూర్తిగా పారించండి. సందుల్లోకి టంకం పారకుండా పెన్సిల్ ములుకుతో గీస్తే చాలు. సీల అన్నింటికన్నా ఆఖర్న, మెరుగు కూడా అయ్యాక.

రాళ్లపని:

పచ్చ గురించి నేను చెప్తాను, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. పచ్చల్లో చాలావాటికి లోపలి చీలికలు కనబడకుండా నూనె గానీ రెజిన్ గానీ పట్టించి ఉంటారు. మంట సెగ తగిలితే ఆ నూనె పోయి చీలికలన్నీ తెల్లగా బయటపడతాయి, రాయే చిట్లినా చిట్లుతుంది. తడి గుడ్డ చుట్టి, బంగాళాదుంప ముక్కలో గుచ్చి టంకం పెట్టేస్తామనే ధైర్యవంతులున్నారు, నేనైతే ఆ సాహసం చేయను. లేజర్ వెల్డర్ అందుబాటులో ఉంటే కీలూ లాకూ కింది భాగంతో పాటు విడిగా తయారుచేసుకుని, పై భాగానికి అతికే చోట మాత్రం లేజర్ వాడండి. లేజర్ లేకపోతే పచ్చని తీసే పని చేయాల్సిందే. తీసేటప్పుడు రాయిని పట్టుకున్న కొక్కేలని ఒకేసారి లాగకుండా నాలుగింటినీ కొద్దికొద్దిగా వదులు చేస్తూ రండి, అంచు పగిలేది ఎక్కువగా ఆ పనిలోనే.

వజ్రాలు వేడికి తట్టుకుంటాయి, కాకపోతే బోరిక్ ఆసిడ్ పొడిని ఆల్కహాల్‌లో కలిపి పూత వేసి ఆరనివ్వండి, లేకపోతే పైన మసక తెర కడుతుంది. వేడి మీదున్న ముక్కని నీళ్లలో ముంచొద్దు. ఇంకో మాట, రాయికి ముందే ఉన్న గీతలు, చీలికలు భూతద్దం కింద ఆవిడకి చూపించి ఫోటోలు తీసి పెట్టుకోండి. పని అయ్యాక ‘ఇది ఇంతకుముందు లేదే’ అనే మాట ఎవరి నోటినుంచి వచ్చినా బాధే. పచ్చ తిరిగి కూర్చోబెట్టాక అల్ట్రాసోనిక్, ఆవిరి మిషన్ల జోలికి పోకండి, గోరువెచ్చని సబ్బునీళ్లూ మెత్తటి బ్రష్షూ చాలు.

కణుపులక్క:

నేను పని చేసేదాన్ని కాదండీ, అలాంటి ఉంగరం పెట్టుకునేదాన్ని. మీరంతా ఉంగరం గురించే మాట్లాడుతున్నారు, ఆవిడ రెండో చేతి గురించి ఎవరూ అడగట్లేదు! ఎడమ చేతికి పెట్టుకుంటే తెరవాల్సింది కుడి చేత్తో కదా, ఆ వేళ్లు కూడా వంకరపోయే ఉంటాయి. నాకు మొదట చేసిచ్చిన ఉంగరం లాక్ చూడ్డానికి ముచ్చటగా ఉండేది, కానీ పిన్నీసు మొన పెట్టి పొడిస్తే గానీ ఊడేది కాదు. ప్రతిసారీ మా అమ్మాయి కోసం కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడున్న దానికి బొటనవేలి గోరు ఆనేంత చిన్న గాడి పెట్టారు, చూడక్కర్లేకుండా తడుముకుని తీసేస్తాను.

లాక్ అంచులు ఆకురాయితో గుండ్రంగా తీయించండి, పక్క వేలికి గీసుకుని ఎర్రబడుతుంది. ఇచ్చేముందు ఆవిడ చేతే తీయించి పెట్టించండి. మీరు తీసి చూపించి ‘చూశారా ఎంత ఈజీనో’ అనకండి దయచేసి.

చేతుల ఫిజియో:

అక్క చెప్పినదానికి తోడు ఒక్కటి. కొలత ఒక్క పూటతో తేల్చకండి. అరుగుదల వల్ల నడిమి కణుపు దగ్గర వచ్చే ఎముక గడ్డలు, వైద్యంలో బౌషార్డ్ నోడ్స్ అంటారు, ఒకసారి గట్టిపడ్డాక అంతగా మారవు. కానీ చుట్టూ ఉండే వాపు రోజులో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఎండకి వేలంతా ఉబ్బుతుంది. వేరే రోజు, వేరే వేళలో ఇంకోసారి కొలవండి. కణుపు ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే ఆ వాపు తగ్గేదాకా పని మొదలుపెట్టొద్దు, ముందు డాక్టరు దగ్గరికి పంపండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉన్నవాళ్లయితే కణుపు ఆకారం ముందుముందు ఇంకా మారొచ్చు, ఆ సంగతి వాళ్లకి ముందే చెప్పడం మంచిది.

పనిబల్ల:

అందరికీ చాలా థాంక్స్. నోరు లెక్క నాకు అసలు తట్టలేదు, మూడున్నర దగ్గరే కోస్తాను. పచ్చని లేజర్ ఉన్న ఆయన దగ్గరికి తీసుకెళ్తాను. ఒక్క డౌట్ మిగిలింది. లాక్ నాలుక (లోపలికి దూరి పట్టుకునే మడత రేకు) 18 క్యారెట్లలోనే చేస్తే కొన్నాళ్లకి పట్టు వదిలేయదా? స్టీలు స్ప్రింగు పెట్టనా?

టంకంపొగ:

టంకం పెట్టినప్పుడు వేడికి బంగారం మెత్తబడుతుంది, అందుకే చాలా నాలుకలు వదులైపోతాయి. నాలుక రేకుని బాగా సాగగొట్టి గట్టిపడ్డాక మడవండి, టంకం అతుకు మడతకి వీలైనంత దూరంగా ఉండాలి. 14 క్యారెట్లు ఇంకొంచెం గట్టిగా నిలుస్తుంది, ఆవిడ ఒప్పుకుంటే నాలుక వరకు అది వాడండి, కానీ బిల్లు మీద ఆ మాట రాయండి. స్టీలు పెడితే వేడి పనీ, టంకం తర్వాత మరకలు వదిలించే ఆసిడ్ పనీ మొత్తం ముగిశాకే పెట్టాలి. వేడికి దాని బిగువు పోతుంది, ఆసిడ్‌లో పడితే బంగారం మీద రాగి పూత ఎక్కేస్తుంది.

నాలుక ఒక్కదాన్నే నమ్ముకోకుండా పక్కన చిన్న ఎనిమిది ఆకారపు సేఫ్టీ కొక్కెం కూడా అందామనుకున్నాను గానీ అక్క రాసింది చదివాక మానేశాను, అలాంటి వేళ్లకి అది తీయడం నరకం. దాని బదులు నాలుక మూసుకున్నప్పుడు ‘టిక్’మని వినబడేలా చేయండి, మూసుకుందో లేదో ఆవిడకి తెలుస్తుంది. సీల అరుగుదల ఏడాదికోసారి చూపించుకోమని చెప్పి పంపండి, కీలు సందులో సబ్బు పేరుకుంటే అది ఇంకా త్వరగా అరుగుతుంది.