చెట్టెక్కిన మేకల దగ్గర కారు ఆపాలా, వద్దా?

వచ్చే జూన్‌లో అమ్మానాన్నలతో మొరాకో వెళ్తున్నాం. మరాకేష్ నుంచి ఎస్సవీరా వెళ్లే దారిలో ఆర్గాన్ చెట్ల మీద మేకలు నిలబడే వీడియో చూసినప్పటి నుంచి అమ్మది ఒకటే పాట, అక్కడ ఆగాల్సిందేనని.

నా టెన్షన్ వేరు. రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద వెళ్లి నేనూ అక్కడ కారు ఆపించాను. పదో పన్నెండో మేకలు, ఒక్కటీ కదలదు. దగ్గరికెళ్తే కొమ్మల మధ్య చెక్కలు కొట్టి ఉన్నాయి. ఒక మేక ముందుకాలికి నీలం తాడు. చెట్టుకు కాయే లేదు, ఎండ మాత్రం మాడ్చేస్తోంది. కాపరి ఓ మేకపిల్లను నా చేతుల్లో పెట్టి 20 దిర్హమ్‌లు అడిగాడు. ఇచ్చేశాను. వానల్లేని ఊళ్లో అతనికీ అదే బతుకుతెరువు, తిట్టబుద్ధి కాలేదు.

మేకలు కాయల కోసం వాటంతటవే చెట్టెక్కడం నిజమే. అగాదిర్ వైపు, సూస్ లోయలో అలా మేస్తుంటే చూసినవాళ్లు ఉన్నారా? జూన్‌లో కనిపిస్తాయా? డ్రైవరుకు ముందే ఏం చెప్పాలి?

ఇంకోటి, ఈ చెట్టు గింజల నుంచి తీసే ఆర్గాన్ నూనె. దారిపొడవునా "మహిళా సహకార సంఘం" బోర్డులే. లోపల ఇద్దరు ఆడవాళ్లు రాళ్లతో గింజలు కొడుతూ కూర్చుంటారు, అమ్మేది వేరేవాళ్లు. డబ్బు నిజంగా ఆ ఆడవాళ్లకే చేరుతుందని ఎలా తెలుసుకోవాలి? వేయించిన గింజల వంటనూనె, ఒంటికి రాసుకునే పచ్చి గింజల నూనె, అమ్మకు రెండూ కావాలట.