ఇనుపరాతి గుట్టల కాడ కంపాస్ తప్పు చూపిస్తున్నదా? మ్యాప్‌ల మా పాయింట్ చెరువు నడిమిట్ల పడ్డది

హన్మకొండ_బాటసారి:

అందరికి నమస్తే. ఫోన్ చూడకుంట ఒట్టి మ్యాప్, కంపాస్ తోనే మనం ఏడ ఉన్నమో కనుక్కోవాలె అని చాన్నాళ్ల సంది నాకు కోరిక. మొన్న ఆదివారం నేను, మా బావమరిది బండి మీద ధర్మసాగర్ అవుతలికి ఇనుపరాతి గుట్టల దిక్కు పోయినం. మ్యాప్ సర్వే ఆఫ్ ఇండియాది, వాళ్ల సైట్ల ఫ్రీగ దొరికే 1:50,000 స్కేల్ది, జిరాక్స్ షాపుల కలర్ ప్రింట్ తీయించిన. కంపాస్ ఏమో ప్లాస్టిక్ పలక మీద గుండ్రటి డబ్బి తిరిగే రకం, కొత్తదే.

బండ్లబాట పక్కకు పెద్ద మర్రిచెట్టు ఉంటె దాని కింద బండి ఆపినం, పెట్రోల్ ట్యాంక్ మీద మ్యాప్ పరిచి నేను ఆడనే నిలబడి కంపాస్ పట్టి చూసిన. గుడి ఉన్న గుట్ట 40 డిగ్రీలు వచ్చింది, టవర్ ఉన్న గుట్ట 62 వచ్చింది. వీడియోల చెప్పినట్టు, గుట్ట కాడి నుంచి మా దిక్కు ఎన్ని డిగ్రీలో తెలిసేటందుకు రెండిటికి 180 కలిపిన, 220, 242 అయినయి, మ్యాప్‌ల ఆ గుట్టల మీంచి ఆ దిక్కులకు పెన్సిల్‌తోని గీతలు గీసిన. రెండు గీతలు కలిసిన కాడ చూస్తె చెరువు, అంచు గూడ కాదు, సక్కగ నీలం రంగు నడిమిట్ల. మేమేమో చెట్టు కింద పొడి మట్టిల నిలబడ్డం. ఫోన్ తీసి చూస్తె ఆ పాయింట్‌కు మాకు ఆరువందల మీటర్లు తేడా ఉన్నది, చెరువు మాకు ఆగ్నేయం దిక్కు ఉన్నది.

గుట్టల పేర్లనే ఇనుము ఉన్నది గద, ఆ రాళ్లు ముల్లును గుంజుతున్నయా? లేకపోతె కంపాసే డూప్లికేటా? ఇంకోటి, వీడియోలల్ల అయస్కాంత ఉత్తరం వేరు అసలు ఉత్తరం వేరు, పదిపదిహేను డిగ్రీలు కలపాలె తీసెయ్యాలె అంటున్నరు, నేను అది చెయ్యలే. తప్పు ఏడ జరిగిందో తెలిసినోళ్లు చెప్పుండ్రి, ఇది నేర్చుకోవాలని మస్తు ఉన్నది.

కాజీపేట_ఎన్‌సీసీ_అక్క:

తమ్మీ, కాలేజీల ఎన్‌సీసీ చేసినప్పుడు మ్యాప్ రీడింగ్ మాకు పరీక్షల ఉండె, క్యాంపుల ప్రిస్మాటిక్ కంపాస్ పట్టుకొని గుట్టలెక్కి ఇదే పని చేసినం, అందుకె నాకు తెలిసింది చెప్త.

ముందు డిగ్రీలు కలిపే సంగతి మర్చిపో. ఆ పదిపదిహేను అమెరికా దిక్కోళ్ల లెక్క. మన వరంగల్ దిక్కు అసలు ఉత్తరానికి ముల్లు ఉత్తరానికి తేడా ఒక డిగ్రీ అటుఇటు, అంతే. ఒక డిగ్రీ అంటె 3 కిలోమీటర్ల దూరంల 52 మీటర్లు, నీ మ్యాప్ మీద ఒక మిల్లీమీటర్, నీ పెన్సిల్ గీత మందమే అంత ఉంటది. దాంతోని ఆరువందల మీటర్లు రానే రాదు. 180 కలుపుడు గూడ కరెక్టే చేసినవ్.

నాకు కనవడ్డ తప్పు వేరే. 40కి 62కి నడుమ ఎంత, 22 డిగ్రీలే గద. రెండు గీతలు అంత సన్నగ కోసుకున్నయి అంటె కత్తెర మూసినట్టె ఉంటది, ఏడ కలిసినయో పట్టుకునుడే కష్టం. చేతిల 5 డిగ్రీల తప్పు వచ్చిందనుకో (కొత్తల అంత వస్తది), 3 కిలోమీటర్లకు గీత 260 మీటర్లు పక్కకు జరుగుతది. గీతలు నిలువు అడ్డంగ, అంటె 90 డిగ్రీల కాడ కోసుకుంటె పాయింట్ ఆ 260 తోనే తప్పుతది, 22 కాడ కోసుకుంటె మాత్రం గీత పొడుగునా జారి 700 మీటర్ల దాక పోతది. అందుకె మా క్యాంపుల 60కి తక్కువ, 120కి ఎక్కువ ఉన్న జంటను అస్సలు తీసుకోనియ్యకపోయేది. మూడో గుట్ట కచ్చితంగ చూడాలె, అది గూడ వేరే దిక్కున ఉండాలె.

ఇంకొక అనుమానం. టవర్ ఉన్న గుట్ట అన్నవ్, మ్యాప్‌ల ఆ టవర్ ఉన్నదా? లేకపోతె అది అదే గుట్ట అని ఎట్ల గుర్తుపట్టినవ్? మన దిక్కు బండగుట్టలన్ని ఒక్క తీర్గనే కనవడ్తయి, ఎడమ పక్కది అనుకొని కుడి పక్కదాన్ని పట్టుకుంటె ఎంత మంచి కంపాస్ ఉన్నా వేస్టే.

హన్మకొండ_బాటసారి:

అక్కా థాంక్స్. టవర్ మ్యాప్‌ల లేదు, నిజమే. గని ఆ గుట్ట ఉత్తరం పక్క నిట్టనిలువుగ ఉన్నది, దక్షిణం దిక్కు మెల్లగ సాగి నడిమిట్ల చిన్న పల్లం ఉండి మళ్ల ఒక బొడిపె లేస్తది, మ్యాప్‌ల గోధుమ రంగు గీతలు గూడ ఉత్తరం పక్క ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉన్నయి, దక్షిణం దిక్కు ఎడంగ ఉన్నయి, అవుతల చిన్న ముద్ద లెక్క ఇంకో గీత చుట్టుకొని ఉన్నది. గందుకె అదే అనుకున్న. సరేనా?

కాజీపేట_ఎన్‌సీసీ_అక్క:

సూపర్ తమ్మీ, గట్లనే చూడాలె. ఒక్కో గోధుమ గీతకు ఇంకో గీతకు 20 మీటర్ల ఎత్తు, దగ్గరదగ్గర ఉంటె నిట్టనిలువు అన్నట్టు. గుట్ట మాత్రం నువ్వు కరెక్టే పట్టినవ్.

సర్వే_ల్యాబ్_సార్:

డిప్లొమా పిల్లలకు సర్వే ల్యాబ్ చెప్పిన మనిషిని. అక్క చెప్పిన 22 డిగ్రీల మాట నూటికి నూరు పాళ్లు నిజం. గని బాబూ, నువ్వు రాసిన దాంట్ల ఒక మాట కాడ నేను ఆగిపోయిన: "పెట్రోల్ ట్యాంక్ మీద మ్యాప్ పరిచి నేను ఆడనే నిలబడి". రాళ్ల మీద అనుమానం ఎందుకు, నీ పక్కనే నూటయాభై కిలోల ఇనుము ఉన్నది గద! ముల్లు దాని దిక్కు తిరగక ఏం చేస్తది. దీన్నే మా సర్వేల లోకల్ అట్రాక్షన్ అంటరు. ఫీల్డుకు పోయినప్పుడు నేను పిల్లల జేబులు తడిమేది, తాళాలు, ఫోన్లు, స్టీలు కడియాలు అన్ని తీయించి ఒక దిక్కు పెట్టించినంకనే కంపాస్ చేతికిచ్చేది. ఫోన్ల స్పీకర్‌ల అయస్కాంతం ఉంటది, కొన్ని ఫోన్ల కవర్లు గూడ అయస్కాంతంతోని మూసుకునే రకం. కరెంటు టవర్లు, ఇనుప కంచెలు, వీటికి గూడ దూరం పోవాలె.

ఇగ బండిదా, రాళ్లదా, చేతిదా అనేది ఊహించుడు వద్దు, తేల్చుకోవచ్చు. ఆదివారం మళ్ల అదే మర్రిచెట్టు కాడికి పో, బండి రోడ్డు మీదనే ఆపు, అవే రెండు గుట్టలు మళ్ల చూడు. నీ చేతి తప్పు అయితె రెండు నంబర్లు రెండు తీర్ల మారుతయి, నడుమ తేడా 22 ఉండదు. బండి తప్పయితె రెండు ఒకే అంత జరుగుతయి, తేడా మాత్రం 22 గనే ఉంటది, ఎందుకంటె ముల్లు ఎంత వంకర తిరిగినా ఒకే చోట నిలబడి చూసినప్పుడు రెండిటికి అదే వంకర.

రాళ్ల సంగతి తేలాలంటె ఇద్దరు కావాలె. నువ్వు చెట్టు కాడ ఉండు, మీ బావమరిదిని ఒక వంద మీటర్లు పోయి నిలబడమను. నువ్వు అతన్ని చూడు, అదే కంపాస్ తోని అతను నిన్ను చూడాలె. రెండు నంబర్ల నడుమ సరిగ్గ 180 వస్తె (ఒకటి రెండు డిగ్రీలు అటుఇటు అయితె పర్వాలేదు) ఆ రెండు చోట్ల ముల్లును ఏది గుంజుతలేదు అన్నట్టు. రాకపోతె అప్పుడు రాళ్ల మీద అనుమానపడు. పేరు చూసి కాదు.

తాడ్వాయి_తొవ్వ:

అన్నా, అంత కష్టం ఎందుకు, జీపీఎస్ ఉన్నది గద అని కొంతమంది అంటరు, అడవిల సిగ్నల్ ఉండది జీపీఎస్ పని చెయ్యది అని ఇంకొంతమంది అంటరు, రెండూ తప్పే. జీపీఎస్‌కు ఫోన్ సిగ్నల్ అక్కరలేదు, అది ఉపగ్రహాల నుంచి వస్తది, మ్యాప్ ముందుగాల డౌన్‌లోడ్ చేసుకుంటె తాడ్వాయి అడవి నడిమిట్ల గూడ నీలం చుక్క కనవడ్తది. పోయేది బ్యాటరీ. ఫోటోలు, వీడియోలు తీసుకుంట పొద్దున పోతె సాయంత్రానికి ఖతం.

మాది ఆ దిక్కే, ఒక మాట చెప్తున్న, తొవ్వ తప్పినంక కంపాస్ తీసుడు కాదు, బయలెల్లిన కాడి నుంచే మ్యాప్ చేతిల ఉండాలె, ఎటు తిరిగినా మ్యాప్ ఉత్తరం అసలు ఉత్తరానికి ఉండేటట్టు పట్టుకోవాలె, అక్షరాలు తలకిందులైనా సరే. వాగు దాటినం, ఎడమకు చెరువు కట్ట వచ్చింది, మత్తడి కాడికి వచ్చినం, గిట్ల ఒక్కొక్కటి మ్యాప్‌ల వేలు పెట్టుకుంట పోతె తప్పినా పోయినసారి వేలు పెట్టిన కాడి నుంచి అరకిలోమీటర్ లోపలనే ఉంటవ్. అడవిల చెట్ల నడుమ గుట్టలు ఏం కనవడయి, మూడు గీతలు గీసుడు ఆడ కుదరది, వాగులు, కట్టలే దిక్కు. ఇంకోటి, నువ్వు కాలువ కట్ట మీదనో వాగు ఒడ్డునో ఉన్నవని తెలిస్తె ఒక్క గుట్ట కనవడ్డా చాలు, ఆ గీత కాలువను ఏడ కోస్తె ఆడ ఉన్నట్టు. కాకతీయ కాలువ పొడుగునా నేను గిట్లనే ప్రాక్టీస్ చేసిన.

బాటలను మాత్రం నమ్మొద్దు. 2024 ఆగస్టు 31 నాడు మా దిక్కు గాలికి వేల చెట్లు వేర్లతోని సహా లేచి పడ్డయి, నడిచే బాటలు ఏడికాడికి మూసుకపోయినయి, మ్యాప్‌ల మాత్రం చుక్కల గీత గట్లనే ఉన్నది. గుట్ట, వాగు జాగ నుంచి జరగయి. చెరువు సంగతి గూడ జర చూసుకోవాలె, మ్యాప్‌ల నీలం రంగు నిండిన చెరువుది, ఎండకాలం శిఖంల (చెరువు లోపలి జాగల) పొడి నేల మీద నిలబడి నీళ్లు లేవు గద ఇది చెరువు కాదు అనుకునేటోళ్లు ఉన్నరు. అభయారణ్యంల ఫారెస్టోళ్ల పర్మిషన్ లేకుంట లోపలికి పోవద్దు, అది వేరే చెప్పాల్సిన పని లేదు.

హన్మకొండ_బాటసారి:

పోయొచ్చినం! సార్ చెప్పినట్టు బండి తార్ రోడ్డు మీదనే పెట్టి, తాళాలు, ఫోన్లు, నా బెల్టు గూడ తీసి బండి డిక్కీల పెట్టి నడుచుకుంట మర్రిచెట్టు కాడికి పోయినం. గుడి గుట్ట 51, టవర్ గుట్ట 73. సార్, తేడా అదే 22! రెండు నంబర్లు రాసుకొని తీసేసి చూసినంక నా ఒళ్లు జలదరించింది, 11 డిగ్రీలు బండే తిప్పింది.

రాళ్ల పరీక్ష గూడ చేసినం. నేను బావమరిదిని చూస్తె 24, వాడు నన్ను చూస్తె 203. ఒక్క డిగ్రీ తేడా, మా ఇద్దరి చేతులది అనుకుంట. ఆ మర్రిచెట్టు చుట్టుపక్కల రాళ్ల తప్పు ఏం లేదు.

అక్క చెప్పిన మూడోది వాయవ్యం దిక్కు ఒంటి గుట్ట, మ్యాప్‌ల చిన్న త్రిభుజం గుర్తు, పక్కకు ఎత్తు రాసి ఉన్నది, 318 వచ్చింది. 138 దిక్కు గీత గీసిన. మూడు గీతలు ఒక్క చుక్క కాడ కలువలేదు గని మధ్యల సన్న త్రిభుజం వచ్చింది, స్కేల్ పెట్టి కొలిస్తె పెద్ద భుజం 2 మిల్లీమీటర్లు, అంటె వంద మీటర్లు. ఆ త్రిభుజం లోపల్నే బండ్లబాట మలుపు ఉన్నది, మర్రిచెట్టు ఆ మలుపు కాడనే ఉన్నది. చెప్తె నమ్మరు, ఫోన్ తీసి చూడాలని గూడ అనిపించలే.

ఒక డౌటు: మొదటిసారి చూసిన రెండు నంబర్లు ఒకే అంత తప్పినయి గద, మరి పాయింట్ చెరువులకే ఎందుకు పోయింది, ఏదన్న లెక్క ఉన్నదా?

సర్వే_ల్యాబ్_సార్:

ఉన్నది, మంచి లెక్క. జామెట్రీ బాక్స్ తీసుకో. రెండు గుట్టలు, మర్రిచెట్టు, ఈ మూడిటి మీంచి పోయే వృత్తం గీయి. చెరువుల పడ్డ ఆ తప్పు పాయింట్ గూడ ఆ వృత్తం మీదనే ఉంటది, చూసుకో. రెండు గుట్టలు 22 డిగ్రీల తేడాతోని కనవడే జాగలన్ని ఆ చాపం మీదనే ఉంటయి, ముల్లు తప్పితె నువ్వు ఆ చాపం మీద అటో ఇటో జారుతవ్. నువ్వు 3 కిలోమీటర్ల దూరంల ఉంటె 11 డిగ్రీలకు సుమారు ఆరువందల మీటర్లు జారుతవ్, నువ్వు మొదలు రాసిన లెక్క గూడ అదే.

దీంతోనే ఇంకో పద్ధతి పుట్టింది. ఎప్పుడన్న ముల్లు మీద నమ్మకం లేదనుకో, కదలకుంట ఒకే చోట నిలబడి మూడు గుట్టలు చూసి రాసుకో. ట్రేసింగ్ పేపర్ మీద ఒక చుక్క పెట్టి ఆ చుక్క నుంచి మూడు గీతలు గీయి, నీ లెక్కల 318, 51, 73 గద, అంటె మొదటి రెండిటి నడుమ 93, తర్వాతి రెండిటి నడుమ 22. ఆ కాగితాన్ని మ్యాప్ మీద తిప్పుకుంట జరుపుకుంట పో, మూడు గీతలు మూడు గుట్టల మీంచి పోయిన కాడ ఆగు, చుక్క కింద ఉన్నదే నీ జాగ. ముల్లు 11 కాదు 40 డిగ్రీలు తప్పినా జవాబు మారది. మూడు గుట్టలు, నువ్వు నలుగురూ ఒకే వృత్తం మీద ఉంటె మాత్రం కాగితం ఆ వృత్తం మీద ఏడ పెట్టినా కుదిరినట్టె అనిపిస్తది, అప్పుడు వేరే గుట్ట తీసుకోవాలె.

ఇంకో మాట, ప్రింట్ తీసేటప్పుడు జిరాక్సాయన కాగితానికి సరిపోయేటట్టు చిన్నగ చేసిండేమో చూసుకో. దిక్కులకు ఏం కాదు గని నువ్వు 2 మిల్లీమీటర్లు అంటె వంద మీటర్లు అని లెక్కేసినవ్ గద, అది మారుతది. మ్యాప్ కింద స్కేల్ గీత ఉంటది, కిలోమీటర్ సరిగ్గ 2 సెంటీమీటర్లు ఉండాలె.

హన్మకొండ_బాటసారి:

సార్, ఇప్పుడే కొలిచిన. 1.8 ఉన్నది. అంటె నా త్రిభుజం వంద కాదు, నూటపది మీటర్లు. రేపు షాపుకు పోయి అసలు సైజుల తీయిస్త, ట్రేసింగ్ పేపర్ గూడ ఆడనే కొంట.