పెరూ, బొలీవియా, చిలీ: తక్కువ ఖర్చులో బస్సుల మీద

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఇద్దరం, 4 వారాలు. లీమాలో దిగి, బొలీవియా మీదుగా చిలీ చేరాలి. ముందుగా ఏం చూసుకోవాలండీ?

జవాబు: ఎల్లో ఫీవర్ టీకా. నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు (టీకా సర్టిఫికెట్) 10 రోజులకు గానీ చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

జవాబు: లీమా నుంచి నేరుగా కొండల్లోని కుస్కో వెళ్లొద్దు. 3,400 మీటర్ల ఎత్తు, తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. పెరూలోనే ఉన్న అరెకిపాలో (సుమారు 2,300 మీటర్లు) రెండు మూడు రాత్రులు ఆగాకే పైకి ఎక్కండి. ఆ తర్వాత పూనో (పెరూ), సరిహద్దు దాటి కోపకబానా, లా పాజ్ (బొలీవియా). రాత్రి బస్సెక్కితే గది అద్దె మిగులుతుంది, స్వెటర్ మాత్రం చేతిలోనే ఉంచుకోండి. పెరూ ఎగ్జిట్ స్టాంపు పడ్డాకే సరిహద్దు దాటండి.

జవాబు: బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానం 3 రోజుల జీపు టూర్‌లో చివర చిలీలోని సాన్ పెడ్రో దె అటకామాలో దింపేది అడగండి, వెనక్కి రావడం తప్పుతుంది. చిలీలోకి వెళ్లేటప్పుడు నింపే డిక్లరేషన్ ఫారంలో ఆవకాయ సీసా ఉన్నా రాయండి. దాస్తే జరిమానా.